తంగేడు తొమ్మిది రోజుల పువ్వేనా?



ఆరోగ్య పత్రికలో పువ్వుల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మందులు, టీకాలు, గర్భిణీల జాగ్రత్తలు ఉండవలసిన పేజీలో ఈసారి తంగేడు చెట్టు గురించి రాస్తున్నాను. ఇది కాలక్షేపానికి రాస్తున్నది కాదు. మన కూరగిన్నెకు, మన ఒంట్లో రక్తానికి, ఈ పచ్చని పువ్వుకు సంబంధం ఉంది. ఆ సంబంధం తెలిస్తే ప్రతి ఇంటివారు, ప్రతి బడివారు, ప్రతి చర్చి కమిటీవారు నాలుగు తంగేడు గింజలు నాటుతారని నా నమ్మకం.

వార్డులో మేము రోజూ చెప్పే మాట ఒకటుంది. "అమ్మా, రక్తం తక్కువగా ఉంది. కూరగాయలు, ఆకుకూరలు బాగా తినాలి." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 100 మందికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. పెద్దవారు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. కూలికి పోయే తల్లి అంత కూరగాయలు సంతలో కొనగలదా? అందుకే పెరట్లో నాలుగు పాదులు పెట్టుకోమని చెబుతాం. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. "పెట్టినం సిస్టర్. తీగ మంచిగనే పారింది, పువ్వు పూస్తుంది. పిందె మాత్రం నిలవడం లేదు."

పిందె ఎందుకు నిలవదు?

నీళ్ళు చాలకపోవడం, ఎండ, తెగులు, ఇవన్నీ కారణాలే. కాని చాలామంది గమనించని కారణం మరొకటుంది. బీర, సోర, కాకర, గుమ్మడి తీగలకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు మీదికి చేరితేనే పిందె కాయ అవుతుంది. లేకుంటే నాలుగు రోజులకు పసుపు రంగుకు మారి రాలిపోతుంది. ఆ పుప్పొడిని మోసేది గాలి కాదు. కాకర, గుమ్మడి పువ్వులకు పొద్దున వచ్చే తేనెటీగలు, సోర పువ్వుకు చీకటిపడ్డాక వచ్చే రెక్కల పురుగులు మోస్తాయి. మునగ పువ్వుకు నల్ల తుమ్మెదలు ముఖ్యమని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లోనే ప్రచురించారు.

ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటలలో 75 శాతానికి పైగా ఎంతో కొంత ఈ కీటకాల మీద, పక్షుల మీద, గబ్బిలాల మీద ఆధారపడి ఉన్నాయని 2016లో ఐక్యరాజ్యసమితి అండతో నడిచే నిపుణుల సంస్థ ఒకటి తన నివేదికలో తెలిపింది. వరి, మక్క, జొన్న ఈ లెక్కలోకి రావు, వాటికి గాలి చాలు. అంటే తేనెటీగలు, తుమ్మెదలు తగ్గిపోయినా మనకు అన్నం దొరుకుతుంది. తగ్గేది కూర, పండు. కడుపు నిండుతుంది గాని ఒంటికి బలం రాదు. ఆసుపత్రికి వచ్చే తల్లులలో మేము చూసేది సరిగ్గా ఈ లోటునే.

తంగేడుకు, వంకాయకు చుట్టరికం ఏమిటి?

వంకాయ, టమాటా పువ్వులను దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు గొట్టాలు కనబడతాయి. పుప్పొడి ఆ గొట్టాల లోపల ఉంటుంది. గొట్టం కొసన సన్నని చిల్లు ఉంటుంది. పౌడరు డబ్బాను ఊరికే పట్టుకుంటే పౌడరు రాదు గదా, కుదిపితేనే రాలుతుంది. ఈ పువ్వులు కూడా అంతే. పెద్ద నల్ల తుమ్మెద, నీలి చారల తేనెటీగ ఆ పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్ళంతా ఝుమ్మని అదరగొడతాయి. అప్పుడు పుప్పొడి జలజలా రాలుతుంది. మనం పెట్టెలలో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. వంకాయ, టమాటా గాలికి ఊగినా కొంత కాస్తాయి, కాని తుమ్మెద కుదిపితే కాపు, కాయ సైజు రెండూ మెరుగవుతాయి. యూరప్ దేశాలలో గాజు ఇళ్ళలో టమాటా పెంచేవారు 1980ల చివరి నుండి ఈ పనికోసమే బంబుల్ అనే తుమ్మెదలను పెట్టెలతో సహా కొని తెచ్చుకుంటున్నారు. మనకు ఆ ఖర్చు లేదు. మన తుమ్మెదలు మన గుట్టల మీద, గట్ల మీద ఉన్నాయి. వాటికి తిండి ఉంటే చాలు.

ఆ తిండి తంగేడు. తంగేడు పువ్వులో పది కేసరాలు ఉంటాయి. దాని పుప్పొడి కూడా గొట్టాలలోనే, కొస చిల్లులోనుంచే రావాలి. అంటే వంకాయ పువ్వును కుదిపే తుమ్మెదే తంగేడు పువ్వును కుదుపుతుంది. వంకాయ మూడు నాలుగు నెలల పంట, ఆ తర్వాత మడి ఖాళీ. తంగేడు అలా కాదు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుంది. వానలు పడ్డప్పటి నుండి చలికాలం దాకా విరగబూస్తుంది, మిగతా నెలల్లోనూ అక్కడక్కడ పూస్తూనే ఉంటుంది. కూరగాయలు లేని రోజుల్లో తుమ్మెదకు అది అంగన్‌వాడీ లాంటిది. దాని పిల్లలకు కావలసిన పుప్పొడి అక్కడ దొరుకుతుంది. అందుకే కూరగాయల మడి పక్కన నాలుగు తంగేడు పొదలు ఉండడం అలంకారం కాదు, అవసరం.

గట్టు మీది చెట్టు ఎక్కడికి పోయింది?

తొర్రూరు వరంగల్-ఖమ్మం రోడ్డు మీది ఊరు. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ ఏడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఈ చుట్టుపక్కల చెల్క భూములలో, గుట్టల అంచున తంగేడు ఎవరూ నాటకుండానే మొలిచేది. పెద్దలు దీని రొట్టను పొలంలో తొక్కి ఎరువు చేసేవారు. పుల్లతో పళ్ళు తోముకునేవారు. చెప్పులు కుట్టే తోలును ఊనడానికి దీని బెరడే వాడేవారు. ఇన్ని పనులకు వచ్చే చెట్టు గనుక దాన్ని ఎవరూ వేళ్ళతో పెరికివేయలేదు.

ఇప్పుడు గట్లు సన్నబడ్డాయి. ట్రాక్టరు అంచు దాకా దున్నుతుంది. దున్నగా మిగిలినదాని మీద గడ్డిమందు కొడుతున్నారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పేరు పెరిగింది, చెట్టు మాత్రం ఊరికి దూరమైంది. బతుకమ్మ రోజులలో అంగడిలో తంగేడు కట్టలు డబ్బుపెట్టి కొంటున్నాం. కొమ్మలతో సహా విరిచి తెచ్చిన ఆ కట్టలలో కాయ కావలసిన పువ్వులు ఎన్నో ఉంటాయి. తొమ్మిది రోజులు పూజించి, మిగతా మూడు వందల యాభై రోజులు మరచిపోయే చెట్టు ఎన్నాళ్ళు ఉంటుంది?

గడ్డిమందు గురించి ఒక నర్సుగా రెండు మాటలు చెప్పాలి. మన ప్రాంతంలో వాడే గడ్డిమందులలో పారాక్వాట్ ఒకటి. అది లోపలికి పోతే విరుగుడు మందు లేదు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటుంటే చూస్తూ సేవ చేయడం తప్ప మా చేతిలో ఉన్నది చాలా తక్కువ. ఇంట్లో ఆ సీసా లేకపోవడమే అన్నిటికన్న పెద్ద రక్షణ. గట్టును కొడవలితో కోసుకుంటే తంగేడు బ్రతుకుతుంది, తుమ్మెద బ్రతుకుతుంది, ఇంట్లో ఒక ప్రమాదం తగ్గుతుంది.

పురుగుమందుల సంగతీ అంతే. ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగు నరాలను ఏ విధంగా దెబ్బతీస్తాయో మనిషి నరాలనూ అదే విధంగా దెబ్బతీస్తాయి. మనిషికైతే మేము అట్రోపిన్ ఇంజెక్షన్ ఇచ్చి కాపాడే ప్రయత్నం చేస్తాం. తుమ్మెదకు ఎవరిస్తారు? తప్పనిసరై కొట్టవలసి వస్తే పూత మీద కొట్టకండి. పొద్దున కాక, తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టండి. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు మరువవద్దు.

కొందరి అభ్యంతరాలు

"మొక్కలు నాటే కార్యక్రమాలు చాలా జరుగుతున్నాయి గదా" అంటారు. నిజమే. అక్కడ ఎక్కువగా నీడనిచ్చే చెట్లు, అందానికి పెట్టే మొక్కలు కనబడతాయి. వాటిని నేను కాదనడం లేదు. కాని అందానికి పెట్టే ఎన్నో మొక్కలు మన తుమ్మెదలకు పనికిరావు. ముద్దగా పూసే రకాలలో కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి. చూడడానికి నిండుగా ఉంటాయి, తినడానికి పుప్పొడి ఉండదు.

"పొదలు పెడితే పాములు వస్తాయి" అని మరికొందరు భయపడతారు. ఈ భయం న్యాయమైనదే, పాముకాటు బాధ మాకు తెలుసు. అందుకని తంగేడును వాకిలికి, కిటికీలకు ఆనించి పెట్టవద్దు. ప్రహరీ వెంట, గట్టు మీద, మడి చివరన పెట్టండి. మొదట్లో అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసివేసి, చెత్త చేరకుండా ఊడ్చండి. రాత్రి బ్యాటరీ లైటు లేకుండా అటు వెళ్ళవద్దు.

"తుమ్మెదలు కుడతాయి" అనేది మూడో మాట. నల్ల తుమ్మెద గుంపుగా దాడి చేసే జాతి కాదు. పట్టుకుంటేనో, గూటిని కదిలిస్తేనో తప్ప కుట్టదు, మగ తుమ్మెదకు ముల్లే లేదు. పెద్ద చెట్లకు, ఎత్తయిన భవనాలకు పట్టే పెద్ద తేనెపట్టు వేరు. దాని జోలికి పిల్లలను పోనివ్వవద్దు. తేనెటీగ కుట్టి ముల్లు చర్మంలో ఉండిపోతే గోటితో వెంటనే గీకి తీసివేయండి, చల్లని గుడ్డ పెట్టండి. పెదవులు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

గింజ నుండి పెంచే పద్ధతి

అడవి నుండి మొక్కను పెకిలించి తెచ్చి నాటితే చాలావరకు చనిపోతుంది. తంగేడుకు తల్లివేరు లోతుగా పోతుంది, తవ్వేటప్పుడు అది తెగిపోతుంది. పైగా అక్కడ ఉన్న ఒక్క చెట్టునూ పోగొట్టినవారమవుతాం. గింజతో పెంచడం సులువు, ఖర్చు లేనిది.

1. గింజ సేకరణ: బతుకమ్మ పువ్వు కోసేటప్పుడే ప్రతి పొదకు కొన్ని కొమ్మలు కోయకుండా వదలండి. చలికాలంలో ఆ కాయలు ఎండి గోధుమ రంగుకు వస్తాయి. కాయ పలుచగా, చదునుగా, కాగితంలా ఉంటుంది. నాలుగైదు పొదల నుండి కొన్ని కొన్ని కాయలే తీసుకోండి. మిగతావి అక్కడే రాలనివ్వండి.

2. నిల్వ: గింజలు తీసి రెండు రోజులు నీడన ఆరబెట్టండి. పుచ్చినవి ఏరివేయండి. మూత ఉన్న డబ్బాలో ఎండిన వేపాకుతో కలిపి, మీద తంగేడు అని పేరు, తేదీ రాసి అతికించండి. పేరు లేని డబ్బా మందుల గదిలోనూ ప్రమాదమే, ఇంట్లోనూ ప్రమాదమే.

3. గింజను లేపడం: తంగేడు గింజ పెంకు చాలా గట్టిది. ఊరికే నాటితే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. నీళ్ళు మరిగించి పొయ్యి మీదనుండి దించి, కొద్దిసేపు ఆగి, గిన్నెలోని గింజల మీద పోసి రాత్రంతా వదలండి. పొయ్యి మీద గింజలను ఉడికించవద్దు. లేదా గరుకు రాయి మీద ఒకవైపు కొద్దిగా అరగదీసి నానబెట్టండి. తెల్లవారేసరికి ఉబ్బిన గింజలు నాటడానికి సిద్ధం. ఉబ్బనివాటికి మళ్ళీ అదే పని చేయండి.

4. నాటడం: ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట ఎరువు కలిపి కవర్లలో నింపండి. అడుగున నీరు పోయే చిల్లులు పెట్టండి. గోరు లోతున కవరుకు రెండు గింజలు వేయండి. కడిగిన పాల ప్యాకెట్లు ఈ పనికి బాగుంటాయి. ఆసుపత్రిలో వాడిన సెలైన్ సీసాలను మాత్రం ఎవరూ అడగవద్దు, ఎవరూ ఇవ్వవద్దు. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి ఎర్ర సంచిలోకే పోవాలి.

5. మొలక: వారం, రెండు వారాలలో మొలకలు వస్తాయి. మట్టి తడిగా ఉంటే చాలు, నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఎండ తగలాలి. రెండింటిలో బలమైన మొక్కను ఉంచండి.

6. భూమిలో పెట్టడం: ఏప్రిల్‌లో మొలకెత్తిస్తే జూన్, జూలై వానలకు మొక్క సిద్ధమవుతుంది. వేరు కవరులో చుట్టుకోకముందే పెట్టాలి. మొక్కకు మొక్కకు మూడు నాలుగు అడుగుల దూరం చాలు. తొలకరి పడ్డాక నానిన గింజలను నేరుగా గట్టు మీద నాటినా వస్తుంది.

7. తర్వాత: మొదటి ఎండాకాలం వారానికి ఒకటి రెండుసార్లు నీరు పోయండి. నిలదొక్కుకున్నాక దానికి మన అవసరం తక్కువ. పశువులు దీన్ని ఇష్టంగా మేయవు గనుక కంచె ఖర్చు కూడా పెద్దగా ఉండదు. సాధారణంగా రెండో ఏడు నుండి బాగా పూస్తుంది. కాయలు తీసుకున్నాక కొమ్మలు కొద్దిగా కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది.

తంగేడు ఒక్కటే చాలదు

తంగేడు పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే ఉంటుంది. తుమ్మెదకు పుప్పొడి పప్పు లాంటిది, మకరందం అన్నం లాంటిది. రెండూ కావాలి. అందుచేత దగ్గరలో తులసి, కంది, నువ్వు వంటివి ఉండనివ్వండి. ఊరి చివరన జిల్లేడు ఉంటే దాన్ని పీకించవద్దు, నల్ల తుమ్మెదలకు అది ఇష్టమైన చెట్టు. జిల్లేడు పాలు కంటికి తగలకుండా పిల్లలను జాగ్రత్తగా చూసుకోండి.

గూడు సంగతి కూడా చూడాలి. నల్ల తుమ్మెద ఎండు కర్రలో, వెదురులో తొలచి గూడు పెడుతుంది. నీలి చారల తేనెటీగ నేలలో, మట్టిగోడలో పెడుతుంది. మట్టి ఇళ్ళు పోయి అంతటా సిమెంటు వచ్చింది. కాంపౌండ్ అంతా బండలు పరచకుండా ఒక మూల కాస్త మట్టి నేల, ఒక ఎండు దుంగ వదిలిపెట్టండి. దానికి డబ్బు అక్కర లేదు, మనసు ఉంటే చాలు.

రెండు ముఖ్యమైన హెచ్చరికలు

మొదటిది కసివింద గురించి. తంగేడును పోలిన పసుపు పువ్వులతో రోడ్ల పక్కన మొలిచే మొక్క ఇది. తంగేడు ఆకుకు ఎనిమిది నుండి పన్నెండు జతల చిన్న గుండ్రని ఆకులు ఉంటాయి, ఆకు మొదట్లో చెవి ఆకారంలో చిన్న రెక్క ఉంటుంది. కసివింద ఆకులు నాలుగైదు జతలే, కొసదేరి ఉంటాయి, నలిపితే దుర్వాసన వస్తుంది. దాని కాయ సన్నగా పొడుగ్గా ఉంటుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలంలో పిల్లలు మెదడువాపు వంటి జబ్బుతో చనిపోతుంటే, దానికి కారణం కసివింద గింజలు తినడమేనని 2000ల దశకంలో వైద్యులు కనుగొన్నారు. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కన్‌గిరిలో జరిగిన పిల్లల మరణాలలో కూడా ఈ గింజల పాత్ర ఉందని నిపుణులు చెప్పారు. గింజలు ఏరే పనిలో పిల్లలను పెడితే పెద్దవారు పక్కనే ఉండాలి. ఏ గింజనూ నోట్లో పెట్టుకోకూడదని వారికి గట్టిగా చెప్పాలి.

రెండవది షుగరు ఉన్నవారికి. తంగేడు పువ్వు కషాయం తాగితే షుగరు పోతుందని చెప్పేవారున్నారు. జంతువుల మీద కొన్ని పరిశోధనలు జరిగిన మాట నిజం. దాన్ని నమ్ముకుని మాత్రలు, ఇన్సులిన్ మానివేయడం ప్రాణాపాయం. కషాయం తాగుతున్నవారు ఆ సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

నా మనవి

బతుకమ్మను ఎత్తుకునేవారు, ఎత్తుకోనివారు అందరూ కూరగాయలు తినేవారే. ఈ చెట్టు అందరిదీ. బతుకమ్మకు పువ్వు కావలసినవారు సొంత గట్టు మీద నాటుకుంటే గుట్టల మీది పొదలకు ఊపిరి వస్తుంది. బడులలో ఉపాధ్యాయులు పిల్లలచేత గింజను నానబెట్టించి మొలక చూపిస్తే పుస్తకంలోని పరాగసంపర్కం పాఠం కళ్ళముందు కనబడుతుంది. మహిళా సంఘాల అక్కలు, చెల్లెళ్ళు సంఘానికి ఇరవై మొక్కలు పెంచినా ఊరి గట్లు మళ్ళీ పచ్చబడతాయి. ఉపకేంద్రాలలో పనిచేసే ఏఎన్‌ఎంలు, ఆశా అక్కలు ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు పెరటి తోట గురించి చెబుతారు గదా, ఆ మాటకు తంగేడు మాటను కూడా జతచేయండి.

ఐరన్ మాత్ర ఈ రోజు రక్తాన్ని పెంచుతుంది, దాన్ని మానవద్దు. రేపటి రక్తం మాత్రం పెరట్లో నిలిచే పిందెలో ఉంది. ఆ పిందె నిలవాలంటే తుమ్మెద రావాలి. తుమ్మెద రావాలంటే తంగేడు ఉండాలి. ఈ చలికాలం గింజలు ఏరి డబ్బాలో వేసుకోండి, ఏప్రిల్‌లో నానబెట్టండి, తొలకరికి నాటండి. నాటినవారు మా ఓపీకి వచ్చినప్పుడు ఎన్ని మొలిచాయో చెప్పండి. గింజలు దొరకనివారు ఉంటే, ఎక్కువ ఉన్నవారు తెచ్చి పంచండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్